మెడ తిరుగుడు వ్యాధి: రోగికిని రోగికిని గల భేదములు

మానవ శరీరమున శిరస్సును నిలుపు స్తంభము మెడ. ఏడు చిన్న వెన్నుపూసలు, వానిని ముందు వెనుకల నుండియు ఇరుప్రక్కల నుండియు పట్టియుంచు కండరములు, ఇవి కలిసి నాలుగైదు కిలోల బరువుగల తలను దినమంతయు మోయుచుండును. పిలిచినవారి వైపు తిరుగుటకు, పెద్దలకు తల వంచుటకు, ఔననుటకు, కాదనుటకు మెడయే సాధనము. ఇన్ని పనులు చేయుచున్నను అది యున్నదన్న తలంపే మనకు రాదు. ఆ కండరములలో కొన్ని మన యిచ్ఛతో నిమిత్తము లేకుండ తమంతట తాము బిగిసి తలను ఒక వైపునకు త్రిప్పివేయు వ్యాధి యొకటి కలదు. వైద్యులు దానిని సర్వైకల్ డిస్టోనియా అందురు. లాటిను భాషనుండి వచ్చిన టార్టికాలిస్ అను పాత పేరు కూడ నేటికిని వాడుకలో నున్నది. వంకర తిరిగిన మెడ యని దాని యర్థము. మన యిండ్లలో మెడ వంకర యనియు, మెడ తిరుగుడనియు చెప్పుకొనుచుందురు.

పాఠశాల వార్షిక సంచికలో ఈ విషయమేల యని తల్లిదండ్రులు అడుగవచ్చును. మాకు రెండు కారణములు తోచినవి. ఈ వ్యాధి ప్రధానముగా నడివయస్సు వారిది. అనగా మా విద్యార్థుల తల్లిదండ్రులది, తాతయవ్వలది. అయినను దీనిని పోలిన స్థితులు కొన్ని బిడ్డలలో కూడ కనబడును. వానిలో కొన్ని సులభముగా నయమగునవి, కొన్ని యొక దినము కూడ ఆలస్యము చేయరానివి. రెండవ కారణము మన బ్రతుకునకు సంబంధించినది. తరతరములుగా హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో నివసించుచున్న మనము ఊరి ఆసుపత్రిలో తమిళమున, బెంగుళూరు వెళ్ళినచో కన్నడమున మన బాధ చెప్పుకొనవలెను. అవ్వకు తోడుగా వెళ్ళి ఆమె మాటను వైద్యునకు చేరవేయునది పెక్కు సందర్భములలో మా పాఠశాల విద్యార్థియే. రక్తపరీక్షలో గాని, ఎక్స్‌రేలో గాని ఈ వ్యాధి దొరకదు. వైద్యుడు కంటితో చూచి, చేతితో తడవి, రోగి చెప్పినది విని గుర్తింపవలసినదే. మాట తప్పినచో దారియు తప్పును.

మొదట దీని స్వభావమును తెలిసికొందము. మనము తల త్రిప్పునపుడు ఒక కండరము బిగియును, దానికి ఎదురు కండరము సడలును. ఈ సర్దుబాటు చేయునది మెదడు. మెదడు లోతున నున్న బేసల్ గాంగ్లియా అను కేంద్రములును, వెనుక భాగమున నున్న చిన్నమెదడును ఇందులో ముఖ్యమైన పాత్ర వహించును. వీని నడుమ నడచు సంకేతములలో పొరపాటు వచ్చినపుడు బిగియరాని కండరము బిగియును, సడలవలసినది సడలదు. కావున బాధ మెడలో కనబడినను మూలము మెదడులో నున్నది. ఇది పక్షవాతము కాదు, ఎముక జబ్బును కాదు. ఈ మాట గట్టిగా చెప్పుటకు హేతువు కలదు. నలువది యేండ్లు దాటిన వారెవరి మెడకు ఎక్స్‌రే తీసినను పూసలలో కొంత అరుగుదల కనబడుట సాధారణము. దానిని చూచి స్పాండిలోసిస్ అని నిర్ణయించి, మెడకు పట్టా తొడిగించి, మాత్రలు వ్రాసి పంపివేయుట తరచుగా జరుగుచున్నది. రోగికి సంవత్సరములు గడచిపోవును.

ఇంకొక దారితప్పుడు ఇంతకంటె పాతది. ఫ్రాన్సు దేశపు వైద్యుడు బ్రిస్సో 19వ శతాబ్దము చివర దీనిని మానసికమైన మెడ వంకర యని పిలిచెను. వ్రేలితో గడ్డమును తాకినంత మాత్రమున తల తిన్నగా నిలుచుట చూచి, ఇది మనస్సు పుట్టించిన జబ్బే కావలెనని ఆయన భావించెను. జర్మనీ వైద్యుడు ఓపెన్‌హైమ్ 1911లో డిస్టోనియా అను పదమును సృష్టించి ఇట్టి కండర వికారములను వర్ణించినను, మెడ యొక్కటే తిరుగు రోగులను మాత్రము మనోవ్యాధిగ్రస్తులుగా చూచుట చాలకాలము కొనసాగెను. లండను వైద్యుడు మార్స్‌డెన్ 1970వ దశకములో, కనురెప్పలు మూసికొనిపోవుట, వ్రాయునపుడు చేయి బిగియుట, మెడ తిరుగుట, ఇవన్నియు ఒకే కుటుంబమునకు చెందిన మెదడు వ్యాధులని వాదించి వైద్యలోకమును ఒప్పించెను. మనలో నింకను గాలి సోకినదని, దిష్టి తగిలినదని చెప్పువారు కలరు. పారిస్ నగరపు పండితులే అంతకాలము పొరబడగా మన పల్లెల వారిని మాత్రము నిందించుట న్యాయము కాదు.

ఇక భేదముల మాట. ఒకే పేరుగల వ్యాధి యైనను ఇద్దరు రోగులు ఒకే తీరుగ నుండుట అరుదు. తల ఏ దిక్కునకు పోవుచున్నదన్నది మొదటి భేదము. కొందరికి గడ్డము కుడికో ఎడమకో తిరిగిపోవును; అందరికంటె ఎక్కువగా కనబడునది ఇదియే. కొందరికి చెవి భుజము వైపునకు వాలును. కొందరికి తల ముందునకు వంగి గడ్డము రొమ్మును తాకబోవును. కొందరికి వెనుకకు వంగి చూపు ఆకాశమునకు పోవును. వాస్తవముగా ఈ నాలుగును కలగలిసి యుండుటయే సాధారణము. కుడికి తిరిగి కొంచెము ఎడమకు వాలిన తల, దానితోపాటు పైకి లేచిన భుజము, ఇట్లుండును. ముందునకు వంగుట యొక్కటే యున్నచో వైద్యులు మరింత జాగ్రత్తగా చూతురు. పార్కిన్సన్ వ్యాధిలోను, మెడ కండరములు బలహీనపడు ఇతర వ్యాధులలోను తల ముందునకు వ్రాలవచ్చును.

చదువరులు ఇచ్చట ఒక చిన్న ప్రయోగము చేయవలెనని మా కోరిక. ఎడమ చెవి వెనుకనున్న ఎముక నుండి రొమ్ము ఎముక వరకు మెడ ముందుభాగమున ఏటవాలుగా దిగు కండరముపై వ్రేళ్ళుంచి, తలను నెమ్మదిగా కుడివైపునకు త్రిప్పుడు. ఎడమవైపు కండరము త్రాడువలె పైకి తేలుట తెలియును. తల కుడికి తిరుగుటకు ముందువైపున పనిచేయునది ఎడమ కండరము. వెనుకవైపున పనిచేయునది కుడి కండరము. మా యెనిమిదవ తరగతి విద్యార్థులకు ఇది చూపినపుడు ఎడమదానికి కుడి, కుడిదానికి ఎడమ యేమని ఆశ్చర్యపడిరి. బండి కళ్ళెములను తలచుకొన్నచో కొంత బోధపడును. ఈ సంగతి తెలియక నొప్పియున్న చోటనే జబ్బున్నదనుకొని, తిరిగిన వైపున మాత్రమే తైలము రుద్దించుట వలన ఫలము లేదు. తల పుఱ్ఱె అడుగున వంగుచున్నదా, మెడ క్రింది భాగమున వంగుచున్నదా అనునది కూడ నేడు వైద్యులు విడదీసి చూచుచున్నారు. ఆ రెంటికిని కండరములు వేరు.

కదలికలో మరియొక భేదము. ఒకరి తల ఒక వైపునకు పోయి అచ్చటనే బిగిసి నిలుచును. వేరొకరి తల కుదుపులతో పోవుచు వచ్చుచు నుండును. ఇంకొకరికి వణకు ఎంత ముందుగా కనబడునన్నచో వంకర కంటికి ఆనదు. కాదు కాదని తల యూపుచున్నట్లుండును. వృద్ధుల విషయమున దీనిని ముసలితనపు వణకని వదలివేయుట కద్దు. వైద్యులు చేయు పరీక్ష యొకటి ఇచ్చట చెప్పదగినది. తలను నిటారుగా పట్టియుంచక, అది ఏ వైపునకు పోగోరుచున్నదో ఆ వైపునకే పోనిమ్మందురు. డిస్టోనియా వలన కలిగిన వణకైనచో, తల తన కిష్టమైన స్థానమునకు చేరగానే వణకు తగ్గుటయో, నిలిచిపోవుటయో పలువురిలో కనబడును. మామూలు వణకు వ్యాధిలో అట్లు జరుగదు.

నొప్పి సంగతి విచిత్రమైనది. కనురెప్పలకు గాని చేతికి గాని వచ్చు డిస్టోనియాలో నొప్పి అంతగా నుండదు. మెడకు వచ్చినపుడు మాత్రము మువ్వురిలో ఇద్దరికైనను నొప్పి యుండును. పైగా వంకర యెంతయో నొప్పి యంత యను నియమము లేదు. తల పూర్తిగా ప్రక్కకు తిరిగిన వ్యక్తి నొప్పి లేదని చెప్పవచ్చును. చూచువారికి వంకరయే కనబడని గృహిణి రాత్రింబగళ్ళు బాధపడవచ్చును. ఈ కారణము చేతనే కెనడాలోని టొరాంటో నగర వైద్యులు ఈ వ్యాధిని కొలుచుటకు ఏర్పరచిన పట్టికలో మూడు భాగములుంచిరి. వంకర తీవ్రతకు 35, దినచర్యకు కలుగు ఆటంకమునకు 30, నొప్పికి 20, మొత్తము 85 మార్కులు. మాకు ఈ పద్ధతి నచ్చినది. మూడు సబ్జెక్టులకు వేరువేరుగా మార్కులు వేసినపుడే గదా బిడ్డ ఎచ్చట కష్టపడుచున్నదో తెలియుట! ఇచ్చట మాత్రము తక్కువ మార్కులు వచ్చినవాడే అదృష్టవంతుడు.

బ్రిస్సోను పొరబాటుపడజేసిన ఆ వ్రేలి స్పర్శను గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. రోగులలో అధిక సంఖ్యాకులు తమంతట తామే ఒక ఉపాయమును కనుగొందురు. ఒకరు గడ్డమును, ఒకరు చెంపను, ఒకరు తల వెనుక భాగమును మెల్లగా తాకుదురు; తల తిన్నబడును. బలముతో నెట్టుట కాదు, తాకుట మాత్రమే. కొందరికి గోడకు తల ఆనించిన చాలును. చేయి పైకెత్తి ఇంకను తాకకముందే కొందరికి గుణము కనబడుట వైద్యులు వ్రాసియున్నారు. స్పర్శ ద్వారా మెదడునకు చేరు సమాచారము చెదరిన సంకేతములను కొంతసేపు సవరించునని నేటి అభిప్రాయము. ఇట్టి స్పర్శోపాయము ఇతర వ్యాధులలో అరుదు. కావున అది యున్నదని రోగి చెప్పినచో వ్యాధి నిర్ణయమునకు గొప్ప సాక్ష్యము.

మా పాఠశాలలో కొంతకాలము పనిచేసిన తెలుగు పండితులొకరికి ఈ వ్యాధి యుండెడిది. గడ్డము ఎడమకు తిరిగియుండుటచే తరగతిలో కుడివైపు బెంచీల వారికి తమపై పండితులకు కోపమని తోచెడిది. వారు సుద్దముక్కను కుడిచేత పట్టుకొని రెండు వ్రేళ్ళను చెంపకు ఆనించి పాఠము చెప్పెడివారు. అట్లుండగా తల నిటారుగా నిలిచెడిది. పిల్లలు వెనుక వారిని అనుకరించి నవ్వుకొనెడివారు. పెద్దలు అంతకంటె కఠినముగా మాటలాడిరి. వ్రేలు పెట్టగానే సరియగు జబ్బు జబ్బెట్లగునని ఒకరు, సెలవుల కొరకు ఆడు నాటకమని మరియొకరు. ఆ యనుమానమే వారిని జబ్బుకంటె ఎక్కువ క్రుంగదీసినది. రెండేండ్లు మెడకు పట్టా ధరించి తిరిగిన పిమ్మట, ఒక వైద్యుడు ఏమియు అడుగక మునుపే, మీరు ఎచ్చట తాకినచో తల తిన్నబడునని ప్రశ్నించెనట. ఆ ప్రశ్న వినగానే తనకు కన్నీరు వచ్చినదని వారు మాతో చెప్పిరి. ఈ ఉపాయము ఎల్లకాలము పనిచేయదనుట కూడ తెలిసియుండవలెను. ఏండ్లు గడచినకొలది పెక్కుమందిలో దాని బలము తగ్గును.

దినములో వేళనుబట్టియు భేదము కలదు. నిద్రలో వంకర చాలవరకు పోవును. ఉదయము లేచిన తరువాత కొందరికి గంటయో రెండు గంటలో హాయిగా నుండును, సాయంత్రమునకు అధికమగును. నడచునపుడు, అలసినపుడు, నలుగురిలో నిలుచుండి మాటలాడవలసి వచ్చినపుడు పెరుగును. అందుచేత ఇంటిలో బాగుగ నుండి బజారులో వంకరపోవు మనిషిని చూచి మనము శంకించరాదు.

వ్యాధి నడచు తీరు చాలమందిలో ఇట్లుండును. నలువది, యేబది యేండ్ల ప్రాంతమున, పురుషులకంటె స్త్రీలకు కొంత ఎక్కువగా, ఏదో మెడ పట్టినట్లు ప్రారంభమై నెలలు గడచినకొలది పెరిగి, కొన్ని సంవత్సరములలో ఒక స్థితికి వచ్చి నిలుచును. ప్రాణాపాయము లేదు. కొందరిలో ముఖమునకో, దవడకో, చేతికో ప్రాకును. నూటికి పదిమంది మొదలు ఇరువది మంది వరకు, సాధారణముగా మొదటి కొన్ని యేండ్లలోపల, దానంతట అదియే తగ్గిపోవుటయు కలదు. కాని వారిలో పలువురికి మరల తిరిగి వచ్చును. తాయెత్తులకును తైలములకును కీర్తి తెచ్చినది ఈ తగ్గుదలయేనని మా యూహ. రోగులలో దిగులు, ఆందోళన అధికముగా కనబడును. తల వంకరయగుటచే నలుగురిలోనికి పోలేకపోవుట అందుకు ఒక కారణము. ఆ మెదడు వ్యాధిలోనే దిగులునకు కూడ కొంత మూలమున్నదని వైద్యులు భావించుచున్నారు. దిగులునకు వేరుగా చికిత్స చేయించవలెను. మెడ సరియైనచో అదియు పోవునని ఊరకుండరాదు.

ఇప్పుడు బిడ్డల విషయము. బిడ్డ మెడ వంకరగ నున్నచో అది పైన చెప్పిన పెద్దల వ్యాధి యగుట అరుదు. అచ్చట వయస్సునుబట్టి కారణములు మారును. నెలల పసిబిడ్డ తల ఒక ప్రక్కకు వాలి, గడ్డము రెండవ ప్రక్కకు తిరిగియున్నచో, మనము పైన వ్రేళ్ళతో తడవి చూచిన ఆ కండరమే గట్టిపడి కురుచయై యుండవచ్చును. కొందరికి పుట్టిన కొన్ని వారములలో అచ్చట చిన్న గడ్డ తగులును. ఇది మెదడు వ్యాధి కాదు. ఫిజియోథెరపీ నిపుణులు నేర్పిన రీతిగా తల్లి దినదినము మెడను సాగదీయించినచో, మొదటి కొన్ని నెలలలోనే ప్రారంభించిన వారిలో చాలమందికి శస్త్రచికిత్స లేకయే సరియగును. ఇట్టి బిడ్డలకు తుంటికీలును కూడ చూపించవలెను. రెండును కలిసి యుండుట కలదు. మంత్రసానులు స్నానము చేయించుచు మెడను బలముగా త్రిప్పుట మాత్రము కూడదు.

బడి వయస్సు బిడ్డ పుస్తకము చదువునపుడు తల ఒక ప్రక్కకు వాల్చుచున్నచో కన్ను చూపించుడు. కంటిని త్రిప్పు కండరములలో ఒకటి బలహీనమైనపుడు ఒకే వస్తువు రెండుగా కనబడును. రెండును ఒకటిగా కనబడుటకై బిడ్డ తల వాల్చును. ఒక కన్ను మూయగానే తల తిన్నబడినచో ఈ యనుమానము బలపడును. మేము ఉపాధ్యాయులకు చెప్పునది కూడ ఇదే: తల సరిగా పెట్టుమని మందలించుటకు ముందు ఒకసారి ఇట్లు చూడవలెను. గొంతు నొప్పియో చెవిపోటో జ్వరమో వచ్చిన తరువాత కొలది దినములకు మెడ వంకరపోయి కదలనిచో మెడ పై పూసల కీలు జారియుండవచ్చును. మెడ వంకరతో పాటు తెల్లవారి తలనొప్పి, వాంతులు, నడకలో తూలుడు ఉన్నచో మెదడులో గడ్డ యేమో చూడవలెను. ఈ రెండు స్థితులలోను నాటువైద్యునిచేత మెడ త్రిప్పించుట ప్రాణాంతకము కాగలదు. పెద్దల విషయమున కూడ క్షౌరశాలలో తల మర్దన చేసి చివర మెడను టక్కున విరచు అలవాటు మానుట మంచిది. మెదడునకు రక్తము కొనిపోవు నాళము చీలి పక్షవాతము వచ్చిన సందర్భములు వైద్య గ్రంథములలో నున్నవి.

మందుల వలన వచ్చు వంకర మరియొకటి. వాంతులు తగ్గుటకు మెటోక్లోప్రమైడ్ వంటి మందు వేసిన కొన్ని గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో, బిడ్డ మెడ వెనుకకు విరుచుకొనిపోయి, కన్నులు పైకి తేలి, దవడ బిగిసి, నాలుక వెలికి రావచ్చును. చూచువారు మూర్ఛ యనియో, ధనుర్వాతమనియో, దయ్యమనియో భయపడుదురు. బిడ్డకు తెలివి మాత్రము పోదు. మన మాట వినుచునే యుండును. ఆసుపత్రిలో తగిన సూది వేసినచో నిమిషములలో తగ్గును. చేయవలసిన ముఖ్యమైన పని వేసిన మందు అట్టను వెంట తీసికొనిపోవుట. మనోవ్యాధులకు వాడు హాలోపెరిడాల్ వంటి మందుల వలన కూడ ఇట్లగును. అట్టి మందులు నెలలు, సంవత్సరములు వాడిన వారిలో నిదానముగా వచ్చు వంకర వేరు. అందులో తల వెనుకకు పోవుట ఎక్కువ, మందు మానినను వెంటనే పోదు. వైద్యుని అడుగక మందు మానుట కూడ తగదు.

యువకులలో, పెద్దపిల్లలలో డిస్టోనియా కనబడినచో తప్పక పరీక్షింపవలసినది విల్సన్ వ్యాధి. శరీరమున రాగి పేరుకొని కాలేయమును మెదడును చెరచు ఈ వ్యాధికి మందు కలదు. ఆలస్యమైనచో జరిగిన నష్టము తిరిగిరాదు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిసినపుడు ఇది వచ్చును. మేనరికములు అధికముగా గల మన కుటుంబములలో ఈ విషయమును జ్ఞాపకముంచుకొనవలెను. ఒక బిడ్డకు తేలినచో తోబుట్టువులకు కూడ పరీక్ష చేయించుట విధి. జపాను వైద్యుడు సెగావా 1970వ దశకములో వర్ణించిన వేరొక రకము కాళ్ళతో మొదలై సాయంత్రమునకు అధికమగుచు, లీవోడోపా అను మందు స్వల్పముగా ఇచ్చినంతనే ఆశ్చర్యకరముగా తగ్గును.

చికిత్సకు వత్తము. పెద్దల మెడ తిరుగుడు వ్యాధిని మూలముతో తీసివేయు మందు లేదు. అదుపులో నుంచునది కలదు. నిలవయుంచిన ఆహారమును విషము చేయు ఒక సూక్ష్మజీవి నుండి లభించు బొట్యులినమ్ పదార్థమును మిక్కిలి స్వల్పముగా బిగిసిన కండరములోనికే సూదితో ఎక్కింతురు. నరము నుండి కండరమునకు పోవు ఆజ్ఞ అచ్చట ఆగి కండరము సడలును. కొన్ని దినములలో గుణము ప్రారంభమై సుమారు మూడు నెలలుండును. పిమ్మట మరల వేయించవలెను. మెడ వ్యాధికి ఈ సూదిని అమెరికా ప్రభుత్వము 2000 సంవత్సరమున ఆమోదించినది. ఏ కండరములో వేయవలెనన్నది తల పోవు దిక్కునుబట్టి నిర్ణయింపబడును గావున పైన మేము అంత దీర్ఘముగా దిక్కుల భేదము చెప్పితిమి. సూది పిదప కొందరికి మ్రింగుట కష్టమగును, మెడ బలహీనపడును. అట్లయినచో వెంటనే తెలుపవలెను. సూది ఖరీదైనదే. మాత్రలు కొందరికి కొంత ఉపకరించును. వృద్ధులకు వానివలన మరపు, నోరెండుట కలుగును. ఏ చికిత్సకును లొంగనివారికి మెదడులో సన్నని తీగ నుంచి విద్యుత్తు పంపు శస్త్రచికిత్స కలదు. బెంగుళూరులోని నిమ్హాన్స్, హైదరాబాదులోని నిమ్స్ వంటి సంస్థలలో నరముల వైద్య విభాగములున్నవి. పైన చెప్పిన మా పండితులు బెంగుళూరులోనే సూది వేయించుకొని, మూడు నెలలకొకసారి వెళ్ళుచు, పదవీ విరమణ వరకు పాఠము చెప్పిరి. చెంపపై వ్రేళ్ళు మాత్రము అలవాటుగ నిలిచిపోయినవి.

చివరగా భాష. మన తెలుగున మెడ బాధకు ఎన్ని మాటలున్నవో చూడుడు. మెడ పట్టినది, లాగుచున్నది, గుంజుచున్నది, వణకుచున్నది, అదరుచున్నది, సలుపుచున్నది, పోటు పెట్టుచున్నది. పట్టినదన్నచో కదలదని, లాగుచున్నదన్నచో తన యిష్టము లేకయే పోవుచున్నదని, వణకుచున్నదన్నచో వేరు సంగతి. వైద్యుడు తెలిసికొనగోరు భేదములు అవ్వ నోటిలో ముందే విడివిడిగా నున్నవి. వానిని మనుమడు 'నొప్పి' అను ఒక్క మాటగా కుదించి చెప్పినచో అవ్వ చెప్పినదంతయు పోయినట్లే. మాట వెనుక మాట పెట్టినను చిక్కే. లాగుడును తమిళమున ఇళుప్పు అన్నచో, ఆ మాట వాడుకలో మూర్ఛకును ఉబ్బసమునకును కూడ చెల్లును. కన్నడమున కుత్తిగె యన్న మెడ; మనకు కుత్తుక యన్న గొంతు. కన్నడమున గంటలు అన్న గొంతు. సూది పిదప మ్రింగుట కష్టముగ నున్నదా యని కన్నడ వైద్యుడు గంటలును గూర్చి అడిగినచో, మన అవ్వ ఎన్ని గంటల నుండియో లెక్క చెప్పగలదు.

కావున బయలుదేరుటకు ముందు ఇంటిలోనే, తొందర లేని వేళ, అవ్వ చెప్పిన మాటలను చెప్పినవి చెప్పినట్లుగా తెలుగున వ్రాసి, ప్రక్కన తమిళముననో కన్నడముననో ఇంగ్లీషుననో ఒక్కొక్క వాక్యముగా అర్థము వ్రాసికొనవలెను. తల ఏ వైపునకు పోవుచున్నది, ఎప్పటినుండి, తెల్లవారి ఎట్లుండును, సాయంత్రమెట్లుండును, నొప్పి ఎచ్చట, వణకు కలదా, ఎచ్చట తాకినచో తగ్గును, అంతకుముందు ఏ మందులు వాడిరి, ఇంటిలో మరెవరికైన ఉన్నదా. సెల్‌ఫోనులో ఉదయ సాయంత్రములు ఒక నిమిషము చొప్పున నడక చిత్రము తీసికొనిపోవుట కూడ మేలు. వైద్యుని ఎదుట కూర్చుండగానే కొందరి తల కొంతసేపు తిన్నబడిపోవును. పై తరగతుల విద్యార్థులు ఇట్టి కాగితము వ్రాయుటకు సహాయము కోరినచో, శనివారము మధ్యాహ్నము మా తెలుగు ఉపాధ్యాయులు పాఠశాలలో నుందురు.